ఆరు నుంచి ఏడు దాకా ఖాళీ

సౌదీలోని జుబైల్‌లో మా టీవీ రిపేరు షాపుకి ఆ ఏడాది వచ్చిన ఒకే ఒక్క పెద్ద పని, నేను పుట్టడానికి నలభై ఏళ్ళ ముందే గడిచిపోయిన ఒక రోజుని బాగుచేసి ఇవ్వడం.

ఆ రోజు లండన్‌ది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మోసుకొచ్చినవాడు ఒక ఇంగ్లీషు ముసలాయన. ఊరి చివర తెల్లవాళ్ళు ఉండే విల్లాల కాంపౌండుకి ముప్పై ఏళ్ళుగా ఆయనే మేనేజరు. వచ్చే నెల రిటైరై వెళ్ళిపోతున్నాడు. కవరులో ఉన్నది ఏదో పాత పత్రికలోంచి చింపిన కాగితం. ఆయనకి ఆరేళ్ళప్పుడు వాళ్ళింటికి మొదటి టీవీ వచ్చిందట. ఆ రోజు అందులో ఏమేం వేశారో, ఎన్నింటికి వేశారో ఆ కాగితం మీద ఉంది. వీడ్కోలు పార్టీలో ఆ రోజు మళ్ళీ నడవాలి, అవే టైములకి, నలుపు తెలుపుల్లో, చెక్కపెట్టె టీవీలో. మామూలుగా రిటైరయ్యేవాళ్ళకి గోడ గడియారం ఇచ్చి పంపిస్తారు. ఈయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

షాపులో ఉండేది ఇద్దరం. మెకానిక్ మా భాయ్, కడప మనిషి, అదే బల్ల ముందు అదే స్టూలు మీద ఇరవై రెండేళ్ళుగా కూర్చున్నాడు. కౌంటరు దగ్గర నేను. కృష్ణా జిల్లాలో డిగ్రీ చదివి, ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న మా అక్క పుణ్యమా అని వీసా సంపాదించి వచ్చాను. నా ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులో, నా వృత్తి సరుకు ఎత్తి దించే కూలీ అని ఉంటుంది. రెండేళ్ళలో నేను ఎత్తింది ఫోను, దించింది షట్టరు.

అప్పటికే నితాఖాత్ మా మీద పడింది. అంటే ప్రతి కంపెనీలోనూ ఎంతమంది సౌదీలు పనిచేస్తున్నారో చూసి, దాన్నిబట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని రంగు వేస్తారు. మా షాపులో ఇద్దరం, ఇద్దరమూ పరాయివాళ్ళమే. రంగు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. దానికి తోడు టీవీల కొట్లలో కౌంటరు దగ్గర సౌదీలే ఉండాలని కొత్త రూలు. మా కఫీల్, అంటే షాపు యజమాని, మంచివాడే. ఒక మధ్యాహ్నం మాతో టీ తాగుతూ, రెండు నెలల్లో షాపు మూసేస్తున్నానని చెప్పాడు. మమ్మల్ని ఇంకో కంపెనీ తీసుకుంటే నకల్, అంటే బదిలీ, కాగితం మీద సంతకం పెడతాడు. తీసుకోకపోతే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తాడు. ఇంత పెద్ద సంగతి అంత చక్కెర కలుపుకుంటూ చెప్పడం నేను ఇంకెక్కడా చూడలేదు.

నాకేం, నాకు సామాను అంటే ఒక సూట్‌కేసు, ఒక ప్రెషర్ కుక్కరు. భాయ్ సంగతి వేరు. భార్య, కూతురు ఇక్కడే ఉన్నారు. కుటుంబాల మీద తలకింత లెవీ వేసిన దగ్గర్నుంచీ మా వీధిలో ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయిపోయాయి. కార్గో కొట్టువాడు తప్ప ఎవరి వ్యాపారమూ నడవలేదు. భాయ్ మాత్రం పంటి బిగువున ఉండిపోయాడు, ఎందుకంటే పిల్ల ఇండియన్ స్కూల్లో పదో తరగతి. పరీక్షలు మార్చిలో. రెండు నెలల్లో ఇఖామా పోతే చదువు మధ్యలో ముగ్గురూ విమానం ఎక్కాలి. సగం పదో తరగతి చదివిన పిల్లని ఊళ్ళో ఏ బడిలో చేర్చుకుంటారు? భాయ్ ఈ ప్రశ్న పైకి ఎప్పుడూ అడగలేదు. దాని బదులు సోల్డరింగ్ కడ్డీని రోజుకి నాలుగుసార్లు తుడిచేవాడు.

కాబట్టి ముసలాయన కాగితం మాకు దేవుడు పంపిన కాగితంలా కనిపించింది. ఆయన కంపెనీ ఆకుపచ్చలో ఉంది. మనుషుల్ని తీసుకునే అధికారం అక్కడ అందరికీ పైన ఉండే సౌదీ ముదీర్‌ది. ఆ రోజు గనక సరిగ్గా నడిస్తే ముదీర్‌తో భాయ్ గురించి మాట్లాడతానని, పార్టీకి ఆయన కూడా వస్తున్నాడని ముసలాయన మాట ఇచ్చాడు.

పని మొదలైంది. ఆయన విల్లాలో బూట్లు పెట్టుకునే పాత చెక్క బీరువా ఉంది. భాయ్ దాని పొట్ట కోసి, లోపల కొత్త టీవీ బిగించి, చుట్టూ నల్ల అట్ట అంటించి, తెరని పళ్ళెమంత చేశాడు. పాత కార్యక్రమాలు ముసలాయన కొడుకు హార్డ్ డిస్కులో పంపించాడు. కొన్ని ఆ రోజువే, దొరకనివాటికి బదులు అలాంటివే. ఇక మిగిలింది బొమ్మని చెడగొట్టడం. రంగు తీసెయ్యాలి, మసక పెట్టాలి, అప్పుడప్పుడు గీతలు పడాలి. ఇరవై రెండేళ్ళుగా జనం ఏ జబ్బులతో టీవీలు తెస్తే వాటిని నయం చేసి పంపిన మనిషి, అన్ని జబ్బులూ ఒకే టీవీకి అంటించాల్సి వచ్చింది.

“ఇంత మంచి బొమ్మని పాడు చేయాలంటే చేతులు రాల్యాదురా,” అన్నాడు.

ఇంగ్లీషు చదివి చెప్పే పని నాది. కౌంటరు మీద కాగితం పెట్టుకుని వరసగా చదివాను. మూడింటికి ఆడవాళ్ళ కార్యక్రమం, లాంతరు మీదకి గుడ్డ తొడుగు కుట్టడం ఎలా. తర్వాత వంట. తర్వాత ఒకాయన గులాబీ కొమ్మలు కత్తిరించి చూపిస్తాడు. అయిదింటికి పిల్లలకి బొమ్మలాట. ఏడింటికి వార్తలు, ఎనిమిదికి నాటకం. పదిన్నరకి రాణిగారి పాట, అంటే వాళ్ళ జాతీయగీతం, పాడి మూసేయడం. మొత్తం దేశానికి అదే టీవీ, అదే పాట. మా ఊళ్ళో కరెంటే అంతకన్నా ఎక్కువసేపు ఉండేది. ఇలాంటివాళ్ళు మనల్ని రెండొందల ఏళ్ళు ఎలా ఏలారో నాకు ఆ కాగితం చూశాక అస్సలు అర్థం కాలేదు.

భాయ్ వేలు పెట్టి ఒకచోట ఆపాడు. “ఆరు నుంచి ఏడు దాకా ఏముండాది?”

“ఏమీ లేదు భాయ్.”

“ఏమీ లేకపోవడమేంది? గంటసేపు?”

నిజంగానే ఏమీ లేదు. పిల్లల బొమ్మలాట ఆరుకి అయిపోతుంది, తర్వాతది ఏడుకి మొదలవుతుంది. మధ్యలో తెల్లకాగితం. ఎందుకో నాకూ తెలియదు. తెలియనప్పుడు తెలియదని చెప్పే అలవాటు నాకు మొదట్నుంచీ లేదు.

“వాళ్ళకీ సలా టైం ఉండేది భాయ్,” అన్నాను, తల ఎత్తకుండా. “షట్టరు దించేసేవాళ్ళు.”

సౌదీలో బతికినవాడికి ఇందులో వింతేమీ ఉండదు. అజాన్ వినపడగానే కొట్లన్నీ షట్టరు దించుతాయి, నమాజు అయ్యాక మళ్ళీ ఎత్తుతాయి. మధ్యలో మందుబిళ్ళ కావాలన్నా గడప దగ్గర నిలబడాల్సిందే. కానీ నేను జోకు వేసినప్పుడు ఎదుటివాడు నవ్వాలి, లేకపోతే తిట్టాలి. భాయ్ ఆ రెండూ చేయలేదు. నెమ్మదిగా తల ఊపాడు. ఎవరైనా నా జోకుకి తల ఊపారంటే ఎక్కడో ప్రమాదం మొదలైందని అప్పటికి నాకింకా తెలియదు.

సెప్టెంబరు మొదటి శుక్రవారం పార్టీ. బయట ఎండకి కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి అంటుకుంటోంది, లోపల ముసలాయన ఉన్ని కోటు, టై. పదిమంది అతిథులు, ఆడవాళ్ళ నెత్తిన టోపీలు. నేను బీరువా వెనక లాప్‌టాప్ పట్టుకుని నేల మీద కూర్చున్నాను. భాయ్ ప్లగ్గు పక్కన నిలబడ్డాడు, పెళ్ళికొడుకు పక్కన తోడుపెళ్ళికొడుకులా.

కార్యక్రమాలకి ముందు తెర సరిచేసుకోవడానికి గీతలు, గుండ్రాలు ఉన్న ఒక కదలని బొమ్మ వేసేవాళ్ళట. అది పావుగంట నడిచింది. భాయ్ దాన్ని కళ్ళార్పకుండా చూశాడు. అందులో ఏ గీత వంకరైతే ఏ జబ్బో ఆయనకి తెలుసు. ఆ రోజు మొత్తంలో చూడదగ్గది అదొక్కటేనని తర్వాత చెప్పాడు, నేనూ ఒప్పుకున్నాను. లాంతరు తొడుగావిడ కుట్టు మొదలుపెట్టింది, టైము చాలక సగంలో ఆపేసి, మిగతా సగం ముందే కుట్టి పెట్టుకున్నది చూపించింది. వంటాయన టై కట్టుకుని ఒక్క గుడ్డుతో ఆరుగురికి వండాడు. గులాబీలాయన కత్తిరించినంతా కత్తిరించాక అక్కడ మొక్క మిగల్లేదు. అతిథులు ప్రతిదానికీ నవ్వుతున్నారు, కొందరు పాత సంగతులు గుర్తొచ్చి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. గుడ్డు చూసి ఏడవడం నేను అప్పుడే చూశాను.

అయిదున్నరకి ముదీర్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. కాళ్ళదాకా తెల్లటి తోబ్, రెండు ఫోన్లు, గది నిండా అత్తరు. బొమ్మలాట కాసేపు మర్యాదగా చూసి, భాయ్ వైపు వంగి, టీవీలో రంగు పోయింది చూసుకోమని అరబ్బీలో చిన్నగా చెప్పాడు. పోలేదు, వాళ్ళకి అలాగే కావాలట అని భాయ్ అన్నాడు. ముదీర్ ఒకసారి ఆ టోపీల వంక జాలిగా చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. రంగుల విషయంలో వాళ్ళ ప్రభుత్వం ఎంత పట్టింపుగా ఉంటుందో ఆయనకి తెలుసు కదా.

ఆరయింది. దారాలకి వేలాడే బొమ్మలు చేతులూపి వెళ్ళిపోయాయి. నేను లాప్‌టాప్ ఆపేసి కాళ్ళు చాపుకున్నాను, ఇంక గంటసేపు నాకు పని లేదు కదా అని. అప్పుడు నా తల మీదుగా పాట మొదలైంది.

తెలుగు పాట. ముందుకి వంగి చూశాను. తెర మీద నలుపు తెలుపుల్లో ఒక ఇనప మంచం. మంచం మీద నలుగురు ఆడవాళ్ళు, తల మీద చున్నీలు కప్పుకుని, గొంతు తగ్గించి ఏసుప్రభువు పాట పాడుతున్నారు. ఎడమ నుంచి రెండో ఆవిడ మా అక్క.

ఇక్కడ మన క్రైస్తవుల ప్రార్థన అలాగే జరుగుతుంది. నర్సుల హాస్టల్లో, తలుపు వేసుకుని, పక్క గదికి వినపడకుండా. ఎవరినీ పిలవరు, ఎవరికీ చెప్పరు, బయటపడితే దేశం దాటించేస్తారు. అలాంటిదాన్ని భాయ్ బీరువాలో పెట్టి, ముదీర్ ముందు వేసేశాడు. తర్వాత తెలిసింది: నేను చెప్పిన సలా టైం మాట ఆయన నమ్మాడు. తెల్లవాళ్ళ ప్రార్థన గంటకి ఖాళీ తెర పెడితే వాళ్ళ దేవుణ్ణి తక్కువ చేసినట్టవుతుందని మథనపడి, తన దగ్గర ఆ పాటలు ఉండవు కాబట్టి మా అక్కకి ఫోన్ చేసి, “చెల్లెమ్మా, ముసలాయనకి మీ ప్రార్థన కావాలంట,” అని అడిగాడు. పోయే ముందు పెద్దాయన ప్రార్థన కోరుకున్నాడని అక్క మురిసిపోయి వీడియో పంపింది. పెన్‌డ్రైవ్ టీవీ వెనకాల గుచ్చి ఉంది, రిమోటు భాయ్ జేబులో ఉంది. ఈ కథలో అందరూ మంచివాళ్ళే, ఒక్కణ్ణి తప్పిస్తే.

ముదీర్ ముందుకి జరిగి, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, తల ఒక పక్కకి వంచి వింటున్నాడు. పిల్ల పరీక్షలు అయిపోయాయనుకున్నాను, రాయకుండానే. కిందటి వారమే మా కౌంటరు మీద కూర్చుని గుండె బొమ్మ వేసింది, ఏ గది ఎటో నన్ను అడిగింది. నేను తప్పు చెప్పాను. ఇప్పుడు ఆ ఒక్క తప్పుతో ఆగేలా లేను.

రెండో చరణం ఎత్తుకుంటుండగా కాంపౌండు గోడ అవతల మసీదులోంచి పొద్దు గూకే వేళ మగ్రిబ్ అజాన్ మొదలైంది.

భాయ్ చెయ్యి దానంతట అదే కదిలింది. ఇరవై రెండేళ్ళు అజాన్ మొదటి మాటకి షట్టరు తాడు లాగిన చెయ్యి అది. ఇక్కడ షట్టరు లేదు, ప్లగ్గు ఉంది. లాగేశాడు. మా అక్క, మంచం, పాట అన్నీ ఒక్కసారి మాయమై, చెక్కపెట్టెలో నల్లటి గాజు మిగిలింది.

ముదీర్ లేచాడు. భాయ్ ఆయన వెంట నడిచాడు. ఇద్దరూ మసీదుకి వెళ్ళిపోయారు.

ముసలాయన లేచి నిలబడి, ఆ కాగితంలో ఖాళీ ఎందుకో చెప్పాడు. పిల్లలు టీవీ వదిలి నిద్రపోవడం లేదని అప్పట్లో వాళ్ళ దేశంలో రోజూ ఆరు నుంచి ఏడు దాకా కార్యక్రమాలు ఆపేసేవాళ్ళట. తెర నల్లబడగానే వాళ్ళమ్మ ఆయన్ని ఎత్తుకుని మేడ మీదకి తీసుకెళ్ళేదట. ఆ గంటసేపు ఇంట్లో వినపడేది ఆవిడ గొంతు ఒక్కటేనట. తనకి ఈ రోజు మొత్తంలో కావలసింది ఆ ఖాళీయేనని, అది అడిగితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదని, ఈ మెకానిక్ చెప్పకుండానే కనిపెట్టి, ముందు ఏదో జోలపాట వేసి మరీ సరిగ్గా చీకటి చేశాడని అన్నాడు. అని కూర్చుండిపోయాడు.

ఒక పెద్దావిడ ముక్కు తుడుచుకుంది. ఇంకొకాయన కిందపడి ఉన్న ప్లగ్గు వైపు చూశాడు. ఆయన ఇంజనీరు.

నేను బీరువా వెనక నుంచి లేవలేదు. పిల్లల్ని నిద్రపుచ్చడానికి ఒక దేశం దేశమంతా గంటసేపు స్విచ్చు కట్టేసుకోవడం అనేది మామూలుగా నాకు పావుగంట జోకులకి సరిపడా సరుకు. ఒక్కటీ రాలేదు. గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.

ఏడుకి ఇరవై నిమిషాలు ఉండగా ఇద్దరూ వచ్చారు. ముదీర్ వెళ్ళి తన కుర్చీలో కూర్చుని ఫోను తీశాడు. భాయ్ బీరువా వెనక్కి వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

“ఏమన్నాడు?” అన్నాను.

“ఏసీ గురించి అడిగినాడు.”

“ఏ ఏసీ?”

“ఆ పాడే ఆడోళ్ళ రూములో ఏసీ మోగుతాండాది కదా. దానికి బేరింగ్ పోయిందన్నాడు. బేరింగ్ కాదు, రెక్క ఫ్రేముకి తగుల్తాందంటి. బేరింగేనన్నాడు. చెప్పులేసుకునేదాకా అదే కొట్లాట. మా కాంపౌండులో అరవై ఏసీలుండాయి, ఒక్కడికీ చప్పుడు తెలీదు, నువ్వు ఏసీలు కూడా చూస్తావా అన్నాడు. చూస్తానంటి.”

“పాట గురించి ఏమీ అనలేదా?”

భాయ్ కొంచెం ఆలోచించాడు. “కిటికీ మూసుకోమన్నాడు. సగం చప్పుడు బయటికే పోతాదంట.”

ఇదీ సంగతి. లండన్ టీవీ కాదు, ఉన్ని కోటు కాదు, ప్రార్థన కూడా కాదు. మా అక్క హాస్టల్లో చెడిపోయిన ఏసీ. ఏడు కాగానే మళ్ళీ పెట్టాం. వార్తల్లో ఒక రాజుగారు ఓడ దిగాడు. నాటకంలో ఒకావిడ ఉత్తరం పట్టుకుని, చదవకుండా అరగంట నడిచింది. తొమ్మిదికల్లా అతిథులు ఆవలించి లేచిపోయారు, కాబట్టి రాణిగారి పాట వినలేదు. ముసలాయన మర్నాడు భాయ్ గురించి రెండు పేజీల సిఫార్సు ఉత్తరం రాసిచ్చాడు. ముదీర్ దాన్ని బల్ల మీద టీ గ్లాసు కింద పెట్టుకున్నాడని భాయ్ చూసి వచ్చి చెప్పాడు. తన ఉత్తరం వల్లే పని అయిందని నమ్ముకుంటూ ఆయన విమానం ఎక్కాడు. ఎవరం కాదనలేదు.

నకల్ అయింది. కాకపోతే ఆ కంపెనీకి మెకానిక్కుల ఖాళీ లేదు, తోటమాలి ఖాళీ ఒకటే ఉంది. అంచేత కొత్త ఇఖామాలో భాయ్ వృత్తి తోటమాలి. రెండో ఖాళీ దేనికీ లేదు, కాబట్టి నాకు ఎగ్జిట్. నేను వచ్చేసే ముందు అక్క గది ఏసీ సంగతి భాయ్ ఫోనులో చూశాడు, ఆడవాళ్ళ హాస్టల్లోకి వెళ్ళనివ్వరు కదా. అట్టముక్క నాలుగు మడతలు పెట్టి ఫ్రేము కింద దూర్చమన్నాడు. చప్పుడు ఆగింది. అంటే రెక్కే. ముదీర్‌కి ఈ మాట చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం.

మార్చిలో ఒక సాయంత్రం భాయ్ వీడియో కాల్ చేశాడు. నేను మా ఊళ్ళో సెల్‌ఫోన్ల కొట్టులో కూర్చున్నాను, మళ్ళీ కౌంటరు దగ్గరే. పిల్ల ఆ రోజు పొద్దున ఆఖరి పరీక్ష రాసిందట. వచ్చే వారం తల్లీకూతుళ్ళు కడప వెళ్ళిపోతున్నారు. గుండె బొమ్మ ప్రశ్న వచ్చిందట. స్కూల్లో టీచరు ముందే దిద్దింది కాబట్టి సరిగ్గా వేసిందట. ఇది చెబుతూ నా మొహం వంక కాస్త ఎక్కువసేపే చూశాడు.

వెనకాల సాయంత్రపు చీకటి, విల్లా గోడ, గడ్డి. భాయ్ చేతిలో నీళ్ళ పైపు. పగలంతా ఏసీలు చూసుకుంటాడు. కానీ లేబర్ ఆఫీసువాళ్ళు తనిఖీకి ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి, రోజుకి ఒక గంటైనా తోటమాలి తోటలో కనపడాలని ముదీర్ హుకుం. ఏ గంట అని నేను అడగలేదు. మా కొట్టు గడియారంలో ఎనిమిదిన్నర దాటింది, అంటే అక్కడ ఆరు.

ఫోను తిప్పి ఒక మొక్క చూపించాడు. ఎండి, పుల్లలా నిలబడి ఉంది.

“ఇది ఎంత చూసినా లేవల్యా. నీళ్ళెక్కువో తక్కువో తెలీదు. చూడు, ఏమన్నా అర్థమైతాదేమో.”

“ముందు దానికి ప్లగ్గు ఎక్కడుందో కనుక్కో భాయ్,” అన్నాను.

ఈసారి తల ఊపలేదు. మా అమ్మనీ నాన్ననీ వదిలిపెట్టి, నన్ను ఒక్కణ్ణే, తీరిగ్గా, కడప భాషలో తిట్టాడు. హాయిగా అనిపించింది.